కొడుకును ‘మీరు’ అన్న తండ్రి

మెక్సికో రచయిత హువాన్ రుల్ఫో 1953లో తెచ్చిన కథల పుస్తకం ‘ఎల్ యానో ఎన్ యామాస్’. అందులో ‘నో ఓయెస్ లద్రార్ లోస్ పెర్రోస్’ (కుక్కల అరుపులు నీకు వినబడడం లేదు) అనే స్పానిష్ కథ తెలుగులో ఎలా పలుకుతుందా అని కొన్నాళ్ళుగా ఆలోచిస్తున్నాను.

గాయాలతో ఉన్న కొడుకు ఇగ్నాసియోను భుజాల మీద మోస్తూ, వెన్నెల్లో తొనాయా ఊరికి నడుస్తుంటాడు ముసలి తండ్రి. కొడుకు చేతులు చెవులను మూసేయడంతో ఆయనకేమీ వినబడదు. ఊరు దగ్గరపడిందో లేదో, కుక్కల అరుపులు వినబడుతున్నాయేమో చెప్పమని కొడుకునే అడుగుతుంటాడు.

కొడుకు దారి కాచి దోచినవాడు, మనుషుల్ని చంపినవాడు. మామూలుగా తండ్రి అతన్ని ‘తు’ అంటాడు, మన ‘నువ్వు’ లాగా. నిష్ఠూరాలకు దిగేసరికి అది ‘ఉస్తెద్’ అవుతుంది, అంటే ‘మీరు’. పసివాడిగా ఆకలితో నిద్ర లేచే రోజులు గుర్తొస్తే మళ్ళీ ‘తు’. ఇంగ్లీషులో ఈ రెండింటికీ ఒకటే ‘యూ’. జార్జ్ షేడ్ 1967 అనువాదంలో కథ పేరే ‘నో డాగ్స్ బార్క్’. మూలంలో ‘ఓయెస్’ (వింటున్నావు) అన్న క్రియలోనే ‘నువ్వు’ ఉంది. ఇంగ్లీషు పేరులో ఆ కొడుకే లేడు.

మనకు ఆ ఇబ్బంది లేదు. వింటున్నావు, వింటున్నారు అంటే చాలు, సర్వనామం కూడా అక్కర్లేదు. చిక్కు వేరే చోట ఉంది. మన ఇళ్ళలో తండ్రి కొడుకును ‘మీరు’ అంటే వెటకారంలా వినిపిస్తుంది, ‘దొరగారు లేచారా’ అన్నట్టు. రుల్ఫో తండ్రిలో వెటకారం లేదు, తెగతెంపులున్నాయి.

ఇంకో చిక్కు. ఇదంతా మీ కోసం కాదు, పోయిన మీ అమ్మ కోసం అంటాడు తండ్రి, ‘ఉస్తెద్’ లోనే. నువ్వు అని పిలిచే కొడుకుతో కూడా మనం ‘మీ అమ్మ’ అనే అంటాం, ‘నీ అమ్మ’ అంటే తిట్టు. కాబట్టి అక్కడ ‘మీ’ ఏ దూరాన్నీ చూపదు. బరువంతా ముందు మాట మీదే పెట్టాలి: ‘ఇది మీ కోసం చెయ్యడం లేదు.’

మొదట్లో ‘రా’ పెట్టి, తర్వాత దాన్ని తీసేస్తే చాలదా అని ఒక మిత్రుడు అడిగారు. అది అలకలా ఉంటుంది. నేనైతే ‘మీరు’ వైపే. వాక్యాలు పొట్టిగా, పొడిగా ఉంటే వెటకారం నిలవదు.

ఊరు చేరి, మెడను బిగించిన కొడుకు వేళ్ళను విడదీశాక తండ్రికి నలువైపులా కుక్కల అరుపులు వినబడతాయి. అప్పుడాయన మళ్ళీ ‘తు’ అంటాడు. ఆ చివరి మాటకు ‘రా’ కలపాలనుంది: ‘నీకు వినబడలేదట్రా, ఇగ్నాసియో?’