కొలోన్ కెథడ్రల్‌కి 632 ఏళ్లు ఎందుకు పట్టాయి?

ప్రశ్న: జర్మనీలోని కొలోన్ కెథడ్రల్ అనే పెద్ద చర్చి 1248లో మొదలై 1880లో పూర్తయిందని చదివాను. అన్నేళ్లూ ఆగకుండా కట్టారా, మధ్యలో వదిలేశారా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు: ఆగకుండా ఏం కాదండీ. తూర్పు భాగం 1322కి సిద్ధమై ప్రార్థనలు మొదలయ్యాయి, తర్వాత నెమ్మదించి 16వ శతాబ్దంలో డబ్బుల్లేక పూర్తిగా ఆగిపోయింది. నన్ను కదిలించేది దక్షిణ గోపురం మొండి మీద వదిలేసిన చెక్క క్రేన్, చక్రంలో మనుషులు నడుస్తూ తిప్పితే రాళ్లు పైకి లేచేవి, పని ఆగాక కూడా అది వందల ఏళ్లు ఊరికి గుర్తులా అక్కడే ఉండిపోయింది, 1868లో గానీ దించలేదు.

మరో జవాబు: ప్లాన్ సంగతి కూడా చెప్పాలి! పడమటి ముఖభాగానికి మధ్యయుగంలో గీసిన డ్రాయింగ్ రెండు ముక్కలై పోయింది, ఒకటి 1814లో డార్మ్‌స్టాట్‌లో, రెండోది 1816లో ప్యారిస్‌లో దొరికాయి. 1842లో మళ్లీ పని మొదలుపెట్టాక దాని ప్రకారమే కట్టారు. అందుకే 157 మీటర్ల ఆ గోపురాలు 19వ శతాబ్దంలో లేచినా రూపం పాతదే.

ప్రశ్న అడిగినవారు: చాలా థ్యాంక్స్. అసలు అంత పెద్దది ఎందుకు తలపెట్టారు?

జవాబు: 1164లో, బాల యేసును చూడ్డానికి వచ్చారని చెప్పే ముగ్గురు జ్ఞానులవిగా నమ్మే అస్థికలు మిలాన్ నుంచి తెచ్చారు. యాత్రికులు పోటెత్తారు, పాత చర్చి సరిపోలేదు.