స్ట్రింగ్స్ ఆరూ ఒకేసారి తీసేయొచ్చా, ఒక్కొక్కటిగా మార్చాలా?

కొత్తచెయ్యి
ఎలక్ట్రిక్ గిటార్ కొని ఎనిమిది నెలలైంది. దాంతో వచ్చిన స్ట్రింగ్సే ఇంకా ఉన్నాయి. సన్నవి నల్లబడ్డాయి, వేలు జరిపితే గరుకుగా తగులుతోంది. విడిగా మీటితే శ్రుతిలోనే ఉంటుంది, పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర నొక్కితే తప్పుతోంది. 10-46 సెట్ (అన్నిటికన్నా సన్నది అంగుళంలో వెయ్యో వంతులు 10, లావుది 46) తెచ్చుకున్నాను. అన్నీ ఒకేసారి తీస్తే నెక్ (గిటార్ మెడ) వంగిపోతుందని ఒక ఫ్రెండ్ భయపెట్టాడు. ఇంకొకడు అదంతా వట్టిదని నవ్వాడు. ఎవరి మాట వినాలి? ఈ రాత్రికే మార్చేద్దామని కూర్చున్నా.

నట్టుబోల్టు
నవ్వినవాడి మాట వినండి. నేను గిటార్లు బాగుచేస్తాను. ఫ్రెట్లు మార్చాలంటే స్ట్రింగ్స్ అన్నీ తీయాల్సిందే. అలా తీసిన గిటార్ బల్ల మీద రోజుల తరబడి పడుకుంటుంది, ఏ నెక్కూ విరగలేదు. అన్నీ తీస్తేనే ఫ్రెట్ల పక్కన పేరుకున్న మురికి తుడవడానికి చెయ్యి ఆడుతుంది. ఫ్రెట్‌బోర్డ్ రోజ్‌వుడ్ అయితే రెండు చుక్కలు నూనె రాసి తుడిచేయండి. పాలిష్ వేసిన మేపుల్ అయితే నూనె అక్కర్లేదు, తడిగుడ్డ చాలు.

సాయంత్రంరిఫ్
ఏ రకం బ్రిడ్జ్ (బాడీ మీద స్ట్రింగ్స్ ఆనే భాగం) అండీ?

పాతతీగ
ముప్పై ఏళ్లుగా వాయిస్తున్నాను. ఒక్కసారి కూడా ఆరూ కలిపి తీయలేదు, నా నెక్ ఈరోజుకీ గీత గీసినట్టు ఉంది. 10-46 సెట్‌ని ఇరవై అయిదున్నర అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) మీద మామూలు ట్యూనింగ్‌లో పెడితే అన్నీ కలిసి నెక్ మీద సుమారు 103 పౌండ్ల లాగుడు ఉంటుంది. 46 కిలోల పైమాటే. అంత బరువుకి అలవాటుపడిన చెక్క మీద నుంచి అది ఒక్కసారిగా తీసేస్తే ఏమీ కాదంటారా? ఒకటి విప్పు, ఒకటి బిగించు. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు.

నట్టుబోల్టు
> అంత బరువుకి అలవాటుపడిన చెక్క

నెక్ లోపల ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ ఒకటుంది సార్. స్ట్రింగ్స్ ముందుకి లాగుతాయి, అది వెనక్కి లాగుతుంది. స్ట్రింగ్స్ తీస్తే నెక్ కాస్త వెనక్కి వంగుతుంది, మళ్లీ వేస్తే తన చోటికి వస్తుంది. మీ నెక్ నిటారుగా ఉందంటే అది చెక్క బాగుండటం వల్ల, మీరు ఒక్కొక్కటిగా మార్చడం వల్ల కాదు. నేనూ ముప్పై ఏళ్లుగా ఎడమ చెప్పు ముందు వేసుకుంటున్నాను, కాళ్లు బాగానే ఉన్నాయి.

మందతీగ
అసలు 10లు ఎందుకు? టోన్ కావాలంటే లావుపాటివి వేయాలి. బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ 13లు వేసేవాడు.

కేపో
వేసేవాడు, అరస్వరం కిందికి దించి వాయించేవాడు. అది కూడా చెప్పండి. జీజీ టాప్ బ్యాండ్ బిల్లీ గిబ్బన్స్ 7తో మొదలయ్యే సెట్ వాడతాడు, ఆయన టోన్ సన్నగా ఉందని ఎవరైనా అన్నారా? బ్లాక్ సబ్బత్ గిటారిస్ట్ టోనీ అయోమీకి ఫ్యాక్టరీలో రెండు వేళ్ల కొసలు తెగిపోతే, మామూలు స్ట్రింగ్స్ నొక్కలేక మొదట్లో బాంజో స్ట్రింగ్స్ తెచ్చి గిటార్‌కి కట్టుకున్నాడు. హెవీ మెటల్ మొత్తం ఆ సన్నటి తీగల మీద నుంచే వచ్చింది.

మందతీగ
వాళ్ల ఆంప్‌లు నాకిస్తే నేనూ 7లు వేస్తాను.

సాయంత్రంరిఫ్
కొత్తచెయ్యి గారూ, బ్రిడ్జ్ కదులుతుందా, బాడీకి బిగించి ఉంటుందా? అది తెలియకుండా ఈ వాదన ఎందుకు?

పాతతీగ
నట్టుబోల్టు గారూ, చెప్పుల జోకు బాగుంది. పుస్తకంలో రాసింది నేనూ చదివాను. నేనడిగేది ఒక్కటే. ఒక్కొక్కటిగా మారిస్తే నష్టమేమిటి? మురికి తుడవాలంటే రెండు తీగల మధ్య గుడ్డ దూర్చి తుడుచుకోవచ్చు. నష్టం లేనప్పుడు కొత్తవాడికి ఆ దారి చెప్పకుండా "అన్నీ పీకెయ్" అనడం ఎందుకు? పాతవి పీకి పారేయాలన్న ఆత్రం బాగుచేసేవాళ్లకి ఉన్నంత వాయించేవాళ్లకి ఉండదు. మోటౌన్ పాటలకి బేస్ గిటార్ వాయించిన జేమ్స్ జామర్సన్ తెగితే తప్ప స్ట్రింగ్స్ మార్చేవాడు కాదు. ఆయన వాయించిన ఆ మురికి తీగల మోతనే జనం ఇప్పటికీ నేర్చుకుంటున్నారు.

నట్టుబోల్టు
అది బేస్. పైగా ఫ్లాట్‌వౌండ్. పైన చుట్టిన తీగ పట్టీలా చదునుగా ఉంటుంది, సందుల్లో చెమట చేరదు. మనం వేసేవి గుండ్రటి తీగ చుట్టినవి. ఆ చుట్ల సందుల్లో చెమట, చర్మపు పొట్టు చేరి గట్టిపడతాయి. ఒకచోట బరువు ఎక్కువ, ఒకచోట తక్కువ అయ్యాక తీగ సమానంగా ఊగదు. సన్నవాటికి చుట్లు లేకపోయినా తుప్పు పడుతుంది, ఫ్రెట్ తగిలేచోట అడుగున నొక్కులు పడతాయి. పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి తప్పేది అందుకే. కొత్తచెయ్యి గారు మొదటి పోస్టులో చెప్పింది అచ్చంగా ఇదే. దీన్ని "మోత" అని మీరు ముద్దు చేస్తున్నారు, నేను చెత్త అంటాను.

పాతతీగ
చెత్త. సరే, ఆ చెత్త కథ చెబుతాను.

నా గిటార్ జాక్ వదులైతే ఒకచోట ఇచ్చాను. జాక్ బిగించి, రెండు వైర్లు అతకడమే పని. మూడు రోజుల తర్వాత తెచ్చుకుంటే మెరుస్తున్న కొత్త స్ట్రింగ్స్, అవీ 9లు. నేను వాడేవి 11లు. ఆ ఆరూ కలిసి లాగేది 115 పౌండ్ల పైనే, 9లది 85 దగ్గర ఆగిపోతుంది. ట్రస్ రాడ్ మాత్రం ముట్టుకోలేదు. నెక్ వెనక్కి వంగి మొదటి అయిదు ఫ్రెట్లూ గరగరమని మోగుతున్నాయి. నావి ఏవయ్యా అంటే "తుప్పు పట్టాయి సార్, పారేశాం, వీటికి చార్జ్ వేయలేదు" అని నవ్వాడు. దానమన్నమాట.

అప్పటికి నేను రికార్డ్ చేస్తున్న పాటల్లో సగం ఆ మూడేళ్ల నాటి 11లతో అయిపోయాయి. మిగతా సగం ఏ స్ట్రింగ్స్‌తో వాయించినా పక్కపక్కన పెడితే వేరే మనిషి వాయించినట్టుంది. తళతళమని మోగుతోంది. ఈక్యూలో ఎంత తగ్గించినా ఆ మొద్దు చప్పుడు రాలేదు.

నెక్ వంగితే ట్రస్ రాడ్ తిప్పి సరిచేసుకున్నాను, దాని గురించి నాకేం బాధ లేదు. నన్ను అడగలేదు. అదీ నా గొడవ.

కేపో
ఇది మొదటి పోస్టులోనే చెప్పాల్సింది సార్.

మెట్రోనోమ్
అడగకుండా వేరే గేజ్ (తీగ మందం) వేయడం చాలా అన్యాయం. ఒకరి చెప్పులు ఇంకొకరికి తొడిగినట్టు. (మళ్లీ చెప్పులే వచ్చాయి, క్షమించాలి.)

నట్టుబోల్టు
పాతతీగ గారూ, వేరే గేజ్ వేసి ట్రస్ రాడ్ చూడకుండా ఇచ్చినవాడిని నేను వెనకేసుకురాను. కానీ అడగకుండా స్ట్రింగ్స్ మార్చడం నేనూ చేశాను, ఒకసారి కాదు. ఎందుకో చెబుతాను. తుప్పు పట్టిన తీగల మీద ఇంటొనేషన్ (ఏ ఫ్రెట్ నొక్కినా శ్రుతిలో ఉండటం) సరిచేయడం కుదరదు. అలాగే ఇచ్చేస్తే ఇంటికెళ్లి మూడో బెండ్‌కి (తీగని పక్కకి లాగి వాయించడం) తెంపుకుంటారు. మర్నాడు వచ్చి "మీ దగ్గరికి రాకముందు బాగానే ఉంది" అంటారు. నలుగురి ముందు ఆ మాట పడ్డాక, ఇక అడగడం మానేసి మార్చేయడం మొదలుపెట్టాను. చేతికి బాగుంటుందని సంతోషిస్తారనే అనుకున్నాను. ఆ తీగలే కావాలనుకునే మనిషి ఉంటాడని తట్టలేదు.

పాతతీగ
తట్టకపోతే అడగాలి.

నట్టుబోల్టు
అవును.

కొత్తచెయ్యి
అందరికీ నమస్కారం. నట్టుబోల్టు గారు చెప్పినట్టు అన్నీ తీసేశాను. ఫ్రెట్‌బోర్డ్ శుభ్రంగా తుడిచాను. కానీ బ్రిడ్జ్ వెనక భాగం బాడీలోకి దిగిపోయింది! కొత్త ఆరో స్ట్రింగ్ వేసి ట్యూన్ చేశాను. అయిదోది బిగించగానే ఆరోది దిగిపోతోంది. ఆరోది ఎక్కిస్తే అయిదోది దిగుతోంది. గంట నుంచి ఇదే పని. గిటార్ పాడైపోయిందా?

సాయంత్రంరిఫ్
ఇది మూడోసారి. బ్రిడ్జ్‌కి వామీ బార్ (బ్రిడ్జ్‌ని ఊపే కడ్డీ) తగిలించే చోటు ఉందా?

కొత్తచెయ్యి
ఉంది. బార్ ఎప్పుడూ తగిలించలేదు కాబట్టి చెప్పాలని తోచలేదు. వెనకాల మూత తీస్తే స్ప్రింగులున్నాయి.

సాయంత్రంరిఫ్
ఏమీ పాడవలేదు. స్ట్రింగ్స్ ఒకవైపు, వెనక స్ప్రింగులు ఇంకోవైపు లాగుతూ ఉంటే బ్రిడ్జ్ మధ్యలో తేలుతుంది. మీరు ఒకవైపు జనాన్ని పంపేశారు, స్ప్రింగులు గెలిచాయి. బ్రిడ్జ్ వెనక అంచు కింద మడతపెట్టిన గుడ్డో, పాత కార్డుల కట్టో పెట్టి, ముందు ఉన్న ఎత్తుకి లేపండి. అది కదలకుండా ఉండగా ఆరూ వేసి ట్యూన్ చేయండి. ట్యూనర్ (తీగ చుట్టి బిగించే మర) మీద రెండు మూడు చుట్లు చాలు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా కిందికి వరసగా పడాలి. ఒక్కో తీగనీ మెల్లగా పైకి లాగి వదిలి, మళ్లీ ట్యూన్ చేయండి, దిగడం ఆగేదాకా. అప్పుడు గుడ్డ తీసేయండి.

పాతతీగ
ఒక్కొక్కటిగా మార్చమన్నది ఇందుకే.

నట్టుబోల్టు
మీరు చెప్పింది నెక్ గురించి, బ్రిడ్జ్ గురించి కాదు. నేనూ బ్రిడ్జ్ సంగతి అడగలేదు, అది నా తప్పు. అయినా పాత సెట్ 9లైతే ఒక్కొక్కటిగా మార్చినా తిప్పలు తప్పవు. 10లు గట్టిగా లాగుతాయి, బ్రిడ్జ్ ముందుకి లేస్తుంది. కొత్తచెయ్యి గారూ, గుడ్డ తీశాక అలా లేస్తే వెనక స్ప్రింగులు పట్టుకున్న రెండు స్క్రూలని పావు చుట్టు చొప్పున బిగించండి. ప్రతిసారీ మళ్లీ ట్యూన్ చేసి చూడండి.

కొత్తచెయ్యి
బ్రిడ్జ్ నిలబడింది! ముందుకి లేచిన మాట నిజమే, రెండు స్క్రూలూ ఒక చుట్టు దాకా బిగించాల్సి వచ్చింది. పాత మొదటి స్ట్రింగ్‌ని కొత్తదాని పక్కన పెట్టి చూస్తే సన్నగా ఉంది, 9లే అయ్యుంటాయి. మూడో స్ట్రింగ్ మాత్రం బెండ్ చేశాక వెనక్కి రావడం లేదు, టిక్కుమని చప్పుడు వస్తోంది.

కేపో
నట్ (మెడ పైకొసన తీగలు ఆనే చిన్న పట్టీ) గాడిలో ఇరుక్కుంటోంది. గాడి 9లకి కోసింది, తీగ లావైంది. పెన్సిల్ మొన గాడిలో రుద్దండి. తగ్గకపోతే ఎవరికైనా ఇచ్చి కాస్త వెడల్పు చేయించాలి.

మందతీగ
10 ఎక్కించారుగా. వచ్చే ఏడాదికి 11.

పాతతీగ
ఎవరికైనా ఇచ్చేటప్పుడు కాగితం మీద రాసి ఇవ్వండి, ఏది ముట్టుకోవాలో ఏది ముట్టుకోకూడదో.

నట్టుబోల్టు
పాతతీగ గారూ, ఆ పాటలు పూర్తయ్యాయా?

పాతతీగ
లేదు. కొత్త 11ల సెట్ వేసి ఏడాదిన్నర అయింది. చెయ్యి కూడా తుడుచుకోకుండా వాయిస్తున్నాను. మాగబెడుతున్నాను.