చేనేత చీరల ఫొటోలకు ఎస్‌ఆర్‌జీబీనా, అడోబ్ ఆర్‌జీబీనా?

బ్రాడీపేట ఫొటో:
మంగళగిరి చీరలు అమ్మే షాపుకి ఫొటోలు తీస్తున్నాను. ఆన్‌లైన్‌లో పెట్టడానికీ, విజయవాడలో కేటలాగ్ ప్రింట్‌కీ అవే ఫైళ్లు. నెమలికంఠం రంగు చీర నా ఫొటోషాప్‌లో బాగుంటుంది, షాపు కంప్యూటర్‌లో చూస్తే వెలిసిపోయినట్టుంది. ఫొటోలో ఎంత రంగుల పరిధి పడుతుందో నిర్ణయించే కలర్ స్పేస్ దగ్గరే గొడవ. మా సీనియర్ పరిధి పెద్దదైన అడోబ్ ఆర్‌జీబీ వదలొద్దంటారు. ప్రింట్ వాళ్లు పరిధి చిన్నదైన ఎస్‌ఆర్‌జీబీ తప్ప ఏదీ పంపొద్దంటారు. ఎవరి మాట వినాలి?

ఏలూరు రోడ్డు స్టూడియో:
మీ సీనియర్ గారిదే కరెక్ట్. ఎస్‌ఆర్‌జీబీని హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో తెచ్చింది ఆనాటి పాత మానిటర్లను చూసి. ఇంకుల్లో వచ్చే కొన్ని నీలిపచ్చలు అందులో పట్టవు. అవి పట్టాలనే కదా అడోబ్ ఆర్‌జీబీ వచ్చింది! ఒకసారి కోసేసిన రంగు మళ్లీ రాదు.

కృష్ణలంక:
అన్న చెప్పింది నిజమే, కానీ మీ సమస్య అది కాదండీ. ఫైల్లో ఉన్న అంకెల్ని ఎలా చదవాలో చెప్పేది ప్రొఫైల్. అది దారిలో పోతోంది, లేదా షాపు కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టించుకోవడం లేదు. అడోబ్ ఆర్‌జీబీ అంకెల్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చూపిస్తే బొమ్మ వెలిసిపోతుంది.

చాలామంది గమనించనిది ఇంకొకటుంది. కలర్ స్పేస్‌ని ఎరుపు, ఆకుపచ్చ, నీలం కొనలున్న త్రిభుజం అనుకోండి. ఈ రెండిట్లో ఎరుపు కొన, నీలం కొన ఒకే చోట ఉంటాయి. అసలు తేడా ఆకుపచ్చ కొనది. కుంకుమ రంగు చీర కోసం అడోబ్ ఆర్‌జీబీ పట్టుకుని కూర్చుంటే వచ్చే లాభం తక్కువ. నెమలికంఠానికి లాభం ఉంది, కాదనను. అయితే ఆ రంగుని ముందు మీ మానిటర్ చూపించగలగాలి. మామూలు ఆఫీసు మానిటర్లు చాలావరకు అడోబ్ ఆర్‌జీబీని పూర్తిగా చూపించలేవు.

ఫొటోలు రాలో, అంటే సెన్సర్ డేటాని దాదాపు అలాగే దాచే ఫార్మాట్‌లో, తీయండి. కెమెరా మెనూలోని కలర్ స్పేస్ జేపెగ్‌కే వర్తిస్తుంది, రా ఫైల్‌కి కాదు. మాస్టర్‌ని, అంటే మీ దగ్గరుంచుకునే అసలు ఫైల్‌ని, రంగుల ఛాయలు ఎక్కువ పట్టే 16 బిట్‌లో, అడోబ్ ఆర్‌జీబీలోనే దాచుకోండి. షాపుకి ఇచ్చేది మాత్రం ఎస్‌ఆర్‌జీబీకి మార్చిన కాపీ, ప్రొఫైల్‌ని ఫైల్లోనే చేర్చి (ఎంబెడ్ చేసి). మార్చడానికి ఎడిట్ మెనూలో 'కన్వర్ట్ టు ప్రొఫైల్' వాడాలి. అది అంకెలు మార్చి, రంగుని వీలైనంత అలాగే ఉంచుతుంది. దాని పక్కనే ఉండే 'అసైన్ ప్రొఫైల్' నొక్కితే అంకెలు అలాగే ఉండి రంగు మారిపోతుంది. దయచేసి ఈ రెండిటినీ కలపకండి. ఫొటోలో ఒక రంగు, వచ్చింది ఇంకో రంగు అని చీర వెనక్కొస్తే ఆ దెబ్బ మగ్గం దాకా వెళ్తుంది.

అరండల్‌పేట:
ఎన్నాళ్లండీ ఈ ఎస్‌ఆర్‌జీబీ? 2016లో వచ్చిన ఐఫోన్ 7 నుంచే పీ3 (ఎస్‌ఆర్‌జీబీ కన్నా పెద్ద కలర్ స్పేస్) స్క్రీన్లున్నాయి. పీ3లో ఎరుపు కూడా ముదురే. మీ కుంకుమ రంగు అక్కడ ఇంకా బాగా పలుకుతుంది. కొనేవాళ్లు చూసేది ఫోన్లోనేగా?

కృష్ణలంక:
పీ3 ఎరుపు సంగతి ఒప్పుకుంటాను. సొంత సైటు, ప్రొఫైల్ చెక్కుచెదరదని తెలుసు అంటే పెట్టండి. కానీ ఫొటో నాలుగు చోట్లకి ఫార్వర్డ్ అవుతుంది, ప్రొఫైల్ ఎక్కడ ఊడుతుందో మన చేతిలో లేదు. ప్రొఫైల్ లేని ఫైల్ని ఎక్కువ సాఫ్ట్‌వేర్లు ఎస్‌ఆర్‌జీబీగానే చదువుతాయి. కాబట్టి ఎస్‌ఆర్‌జీబీ కాపీకి అక్కడ పెద్దగా ప్రమాదం లేదు.

కేటలాగ్ దగ్గర మాత్రం ఏలూరు రోడ్డు అన్న వైపే నేను. ఆఫ్‌సెట్ అయితే వాళ్ల మెషిన్, కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఐసీసీ ప్రొఫైల్‌ని ప్రెస్ వాళ్లని అడిగి తీసుకోండి. ప్రింట్ ఎలా వస్తుందో ఫొటోషాప్ 'ప్రూఫ్ కలర్స్'లో చూసుకుని, మాస్టర్ నుంచి నేరుగా సీఎమ్‌వైకేకి (ప్రింట్‌లో వాడే నాలుగు ఇంకుల పద్ధతికి) మార్చండి. మధ్యలో ఎస్‌ఆర్‌జీబీ వద్దు. ఆర్‌జీబీ ఫైలే కావాలని పట్టుబడితే మాత్రం వాళ్లడిగిన ఎస్‌ఆర్‌జీబీనే ఇవ్వండి. ఏదైనా సరే, ముందు ఒక్క పేజీ టెస్ట్ ప్రింట్ తీయించి, అసలు చీర పక్కన పెట్టి పగటి వెలుగులో చూడండి. ఆ పేజీ చూడకుండా ఆర్డర్ ఇవ్వొద్దు.