అప్‌డేట్: అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పాట్‌లక్ ఇఫ్తార్, 40 మందికి

పోయిన వారం అడిగాను కదా, తలా ఒక వంటకం తెచ్చుకునే ఇఫ్తార్‌కి ఏది ఎంత కావాలని. నిన్న అయిపోయింది. లెక్కలు ఇవీ.

ఖర్జూరం మనిషికి మూడు చొప్పున కిలో పైచిలుకు తెచ్చాం, సరిపోయింది. నీళ్లకు 20 లీటర్ల క్యాన్లు రెండు. ఉపవాసం విడిచే సాయంత్రం అజాన్‌కి పది నిమిషాల ముందే ప్రతి ప్లేటులో ఖర్జూరం, పక్కన నీళ్ల గ్లాసు పెట్టేయాలి. అజాన్ అయ్యాక పంచుదామంటే క్యూ కడతారు, ఉపవాసం ఉన్నవాళ్లకి అది నరకం.

హలీం 8 కిలోలు, అంటే మనిషికి 200 గ్రాములు. చల్లారేకొద్దీ గోధుమ గట్టిపడి గరిటె నిలబడిపోతుంది. చిన్న మంట మీదే ఉంచి, వేడినీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ అడుగు నుంచి కలపాలి. చన్నీళ్లు పోస్తే పైన నీరు, కింద ముద్ద.

దెబ్బతిన్నవి రెండు. మిరపకాయ బజ్జీలు వేడిమీదే డబ్బాలో మూత పెట్టి తెచ్చారు, ఆవిరికి మెత్తబడ్డాయి. పళ్ల ముక్కల్లో ఉప్పు, చాట్ మసాలా ముందే కలపడంతో గిన్నెలో సగం నీరే.

మాంసం హలాల్ దుకాణం నుంచే అని ముందే చెప్పాం. శాకాహారానికి బల్లా గరిటెలూ వేరు. నమాజుకి దుప్పట్లు మక్కా దిక్కుకి, అంటే పడమరకు కాస్త ఉత్తరంగా పరిచాం. లైటు మాత్రం తిండి బల్ల మీద వేలాడదీయకండి, పురుగులన్నీ షర్బత్‌లోనే!