అప్‌డేట్: మా కథల సైట్ చూపు లేనివాళ్లు వాడగలరా అని అడిగా కదా

పోయిన వారం అడిగింది నేనే, సైట్ ఎలా చెక్ చేయాలని. మీరు చెప్పినట్టే ఎన్‌వీడీఏ అనే, తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దింపుకుని, మానిటర్ ఆపేసి, మౌస్ ముట్టకుండా ట్యాబ్ కీతో తిరిగా. వెతికే బటన్ దగ్గరికొస్తే ఉత్త "బటన్" అంటుంది, ఏం బటనో చెప్పదు, ఎందుకంటే భూతద్దం బొమ్మ పెట్టాం గానీ దానికి పేరే పెట్టలేదు, చాలా బాధేసింది. పేజీ భాష కోడ్‌లో ఇంగ్లీష్ అనే ఉండిపోయింది, తెలుగుకి మార్చా. లేత బూడిద అక్షరాలకి కాంట్రాస్ట్, అంటే అక్షరాల రంగుకీ వెనక రంగుకీ తేడా, కనీసం 4.5:1 ఉండాలి, మాది 2.8 వచ్చింది, అదీ సరిచేశా.

నిన్న మా బాబాయి, ఆయనకి చూపు లేదు, ఒక కథ మొత్తం ఎవరి సాయం లేకుండా విన్నారు, నచ్చిన చోట మళ్లీ వెనక్కెళ్లి మరీ. ఫొటోలకి వివరణలు మిగిలాయి, రోజుకి 20 చొప్పున రాస్తున్నా.