కరక్కాయ, తుప్పు నీళ్లతో వేసిన రంగు కాగితాన్ని తినేస్తోంది, ఏం చేయాలి?

శ్రీకాళహస్తి కలంకారీలో వాడే కసిమి నలుపును ఇంట్లో కాగితం మీద ప్రయత్నిస్తున్నానండీ. తుప్పు మేకులు, బెల్లం నీళ్లలో వేసి 20 రోజులు కుండలో పులియబెట్టాను. కరక్కాయ కషాయం పూసి ఆరబెట్టిన డ్రాయింగ్ పేపర్ మీద ఒక్క చుక్క వేస్తే చాలు, లేత పసుపు మీద బూడిదరంగు పాకి, చూస్తుండగానే నల్లబడుతుంది. ఎంత బాగుంటుందో!

కానీ రెండు నెలలకే నలుపు ఉన్నచోట కాగితం పెళుసుబారింది. మడిస్తే అప్పడంలా విరుగుతోంది. గుడ్డనైతే పారే నీళ్లలో ఉతుకుతారు, మరి కాగితాన్ని ఎలా కడగాలి? సుద్దపొడి నీళ్లలో ముంచితే పులుపు విరుగుతుందా, లేక నలుపు కూడా పోతుందా? రంగు పాకకుండా గుడ్డకు కరక్కాయతో పాటు గేదెపాలు పట్టిస్తారు కదా, కాగితానికీ పట్టించవచ్చా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి. ఇంకో పది కాగితాలు కషాయం పూసి ఆపేశాను.