ఈ వారం సమస్య: గోడ కలిపె జనుల గుండెలెల్ల

నిర్వాహకుడు: ఛందస్సు ఆటవెలది. పై మాటే చివరి పాదంగా పద్యం పూరించండి. గోడ అంటే ఇంటి గోడ కాదు, బ్రిటన్‌లో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ. సామాన్య శకం 122లో మొదలుపెట్టారు. టైన్ నది నుంచి సాల్వే తీరం దాకా 80 రోమన్ మైళ్లు, మన లెక్కలో సుమారు 117 కిలోమీటర్లు. మూడు సైన్యదళాల కష్టం. విడదీయడానికి కట్టిన గోడ కలపడమేమిటి? అదే మీకు పరీక్ష.

కొత్తవిద్యార్థి: మొదటి ప్రయత్నం, తిట్టకండి.

మైలు మైలు కొక్క తలుపున్న కోటలో
పన్ను కట్టి దాటు బాట లుండె
అటును నిటును తిరిగి యమ్మిరి కొనిరయ్య
గోడ కలిపె జనుల గుండెలెల్ల

పాతచింతకాయ: తమ్ముడూ, గణాలు కుదిరాయి, మొదటి పాదంలో యతి తప్పింది. 'మై'కి 'త' ఎలా సరిపోతుంది? 'మైలు మైలు కొక్క మార్గ ముండెను గాన' అంటే సరి. ఇక విషయం. మైలుకో చిన్నకోట, దానికి ఉత్తరాన గుమ్మం, నిజమే. కానీ లెక్క ప్రకారం కట్టుకుంటూ పోయారేమో, కొండ అంచున కొన్ని గుమ్మాలు నేరుగా లోయలోకే తెరుచుకుంటాయి! అక్కడ పన్ను కట్టేదెవరు, మేకలా? పైగా గోడకు దక్షిణాన వల్లమ్ అనే పెద్ద కందకం తవ్వాక, దాటే వీలు చాలావరకు పెద్ద కోటల దగ్గరే మిగిలింది.

కొత్తవిద్యార్థి: మేకలు కట్టవు గురువుగారూ 🙂 మార్చుకుంటాను.

గోదారిగట్టు: గోడకు దగ్గర్లోని రోమన్ కోట విందొలాండాలో దొరికిన పుట్టినరోజు పిలుపు మీద నా పూరణ.

పుట్టినదిన మంచుఁ బొరుగు కోట చెలికి
కఱ్ఱపలక పైనఁ గబురు రాసె
సైనికాధిపతుల సతుల చెలిమితోడ
గోడ కలిపె జనుల గుండెలెల్ల

పాతచింతకాయ: అమ్మా, నడక హాయిగా ఉంది. మూడో పాదం నాకు బాగా నచ్చింది. కానీ చరిత్ర అడ్డొస్తోంది. క్లాడియా సెవెరా తన స్నేహితురాలు సుల్పీసియా లెపిడినాను సెప్టెంబరు 11న రమ్మని పిలిచిన ఆ పలక సుమారు సామాన్య శకం 100 నాటిది. గోడ పునాదికి ఇంకా ఇరవై ఏళ్లు పైనే ఉంది. విందొలాండా కోట కూడా గోడకంటే ముందుదే. కాబట్టి వాళ్లను కలిపిన పుణ్యం గోడది కాదు.

గోదారిగట్టు: అయ్యో! పలక చివర్లో సెవెరా సొంత చేతిరాతతో రెండు ముక్కలు రాసిందని చదివి మురిసిపోయి తేదీ చూసుకోలేదు. పద్యం మటుకు తీసేయను, తప్పుతోనే ఉండనివ్వండి.

రాళ్లపిచ్చి: నాది సిరియాలోని పాల్మిరా ఊరివాడు బారతేస్ తన భార్యకు వేయించిన సమాధి రాయి మీద.

పాల్మిరాకుఁ జెందు బారతేస్ మనువాడె
దాసి యైన పడతిఁ దానె విడిచి
ఎచటి సిరియ దేశ మెచటి బ్రిటను సీమ
గోడ కలిపె జనుల గుండెలెల్ల

నిర్వాహకుడు: ఇప్పటిదాకా ఇదే మేలైన పూరణ. ఒక్క 'విడిచి' దగ్గరే ఆగిపోయాను. బానిసత్వం నుంచి విడిపించి అని మీ భావం, చదివేవాడికి మాత్రం పెళ్లాడి వదిలేశాడని తోస్తుంది. పాపం, ఆ మనిషి అలాంటివాడు కాదు! 'దాసి యైన పడతి దాస్యముడిపి' అంటే యతీ నిలుస్తుంది, అతని పరువూ నిలుస్తుంది. భార్య రెజీనా దక్షిణ బ్రిటన్‌లోని కటువెల్లౌని తెగ పిల్ల, 30 ఏళ్లకే పోయింది. రాయి మీద లాటిన్ చెక్కించి, కింద తన పాల్మిరా భాషలో ఒకే వరుస వేయించాడు: బారతేస్ విముక్తురాలు రెజీనా, అయ్యో.

పాతచింతకాయ: ఆ రాయి దొరికిన సౌత్ షీల్డ్స్ కోట గోడ మీద లేదు, టైన్ నది సముద్రంలో కలిసేచోట ఉంది. అయినా గోడ కోటలకు సరుకు చేరవేసిన కోట అదే, కాబట్టి ఒప్పుకుంటాను.

రాళ్లపిచ్చి: ఒప్పుకున్నారు, అదే పదివేలు. 'దాస్యముడిపి' పెట్టేశాను.

కొత్తవిద్యార్థి: ఇంకోటి ప్రయత్నించాను. యతి మూడుసార్లు చూసుకున్నా, టెన్షన్‌గానే ఉంది.

కూలినట్టి రాళ్లు గుడులకు నిళ్లకు
పశులదొడ్డికైనఁ బనికివచ్చె
నిలిచి చేయలేక, నేలకొరిగి నేడు
గోడ కలిపె జనుల గుండెలెల్ల

పాతచింతకాయ: యతికి వంక పెట్టలేను. లానర్‌కాస్ట్ మఠం గోడల్లో ఆ రాళ్లున్నాయి. బ్రిటన్ రాజు మీద 1745లో జరిగిన తిరుగుబాటు తర్వాత వేసిన సైనిక రహదారి కింద మైళ్ల పొడవున గోడే పునాదిగా పడి ఉంది. జాన్ క్లేటన్ అనే లాయరు 1830ల నుంచి ఆ భూములు కొనుక్కుంటూ రాకపోతే మిగిలింది కూడా దొడ్లకే పోయేది. 'నేలకొరిగి' దగ్గర రెండుసార్లు చదివాను తమ్ముడూ.

గోదారిగట్టు: పాతచింతకాయగారు వంక పెట్టలేదు! తేదీ రాసి పెట్టుకోండి, నాలాగా తప్పుగా కాకుండా.